అమ్మాయిల హాస్టల్ మరమ్మతు: ఒక వార్డెన్ అనుభవం

మా విశ్వవిద్యాలయంలోని అమ్మాయిల హాస్టళ్లలో అన్నిటికన్నా పాత బ్లాకును సమూలంగా బాగు చేయించాలని నిర్ణయం జరిగిన నాటికి ఆ హాస్టల్‌కు నేను వార్డెన్‌గా ఉన్నాను. వృత్తిరీత్యా రసాయనశాస్త్రం బోధించేదాన్ని. సిమెంటు, కాంక్రీటు, టెండర్ల వ్యవహారాలతో అంతకుముందు నాకు పరిచయం లేదు. తెలంగాణలోని రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో వార్డెన్ పని బోధనకు అదనంగా మీద పడే బాధ్యతే తప్ప దానికి ప్రత్యేకమైన శిక్షణ అంటూ ఉండదు. తమ ప్రాంగణాల్లో ఇటువంటి పని తలపెట్టిన సహోద్యోగులకు పనికివస్తుందన్న ఉద్దేశంతో ఈ అనుభవాన్ని రాస్తున్నాను.

ఆ భవనం 1970ల చివరి నాటిది. మూడు అంతస్తులు, 80 గదులు, నేలంతా తాండూరు బండలు, ప్రతి అంతస్తు చివరా స్నానాల గదులు, మరుగుదొడ్లు. గదికి ఇద్దరి చొప్పున 160 మంది కోసం దాన్ని కట్టారు. ఆ రోజుల్లో పీజీ చదువుకు వచ్చే అమ్మాయిలు తక్కువ కాబట్టి ఆ లెక్క సరిపోయింది. ఇప్పుడు మా ప్రాంగణంలో చాలా విభాగాల్లో సగానికి మించి వాళ్లే ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు, బయట అద్దె కట్టుకోలేనివాళ్లు. అందువల్ల ఇద్దరి గదిలోకి మూడో మంచం, ఆ తర్వాత నాలుగోది వచ్చి చేరాయి. మరుగుదొడ్లు మాత్రం మొదట కట్టిన 24 దగ్గరే ఉండిపోయాయి.

ఇంజనీరింగ్ విభాగం తయారుచేసిన తొలి అంచనా నా చేతికి వచ్చినప్పుడు మొదటి పేజీలోనే 'నివాసితుల సంఖ్య: 160' అని ఉంది. లోపల రంగులు, స్నానాల గదులకు కొత్త పలకలు, కిటికీలకు అల్యూమినియం చట్రాలు, ప్రహరీకి కొత్త గేటు ఉన్నాయి. అంకెలన్నీ ఎస్‌ఎస్‌ఆర్ (ప్రభుత్వ ప్రామాణిక ధరల పట్టిక) ప్రకారమే వేశారు, కూడికల్లో పొరపాటు లేదు. కానీ ఆ భవనంలో రోజూ ఉదయం ఆరు గంటలకు బకెట్లు పట్టుకుని వరుసలో నిలబడుతున్నది 320 మంది. జాతీయ భవన నిర్మాణ స్మృతి ప్రకారం హాస్టల్లో అమ్మాయిలకు ప్రతి ఆరుగురికీ ఒక మరుగుదొడ్డి ఉండాలి. ఆ లెక్కన 160 మందికి 27 చాలు, 320 మందికైతే 54 కావాలి. మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున నీళ్లు లెక్కగడితే 21,600 లీటర్లకు బదులు 43,200 లీటర్లు కావాలి. మొదటి పేజీలోని ఆ ఒక్క అంకె మారితే ట్యాంకు, సంపు, మురుగు గొట్టాల వ్యాసం, కరెంటు లోడు, అన్నీ మారతాయి. అది మారకపోతే ఎంత ఖరీదైన పలకలు వేసినా మూడేళ్లలో మళ్లీ అదే కంపు.

ఇంజనీరు గారు మంచి మనిషి, పని తెలిసినవారు. విషయం ఆయనకూ తెలుసు. "మేడమ్, మంజూరైన సంఖ్య కాకుండా మరో అంకె నేను వేస్తే ఆడిట్‌లో నన్ను అడుగుతారు" అన్నారు. అది నిజమే. 320 అని కాగితం మీద రాయడమంటే గదికి నలుగురిని కుక్కుతున్నామని విశ్వవిద్యాలయం తనంతట తాను ఒప్పుకోవడమే. అందుకే అందరికీ తెలిసిన సంగతి ఏ ఫైల్లోనూ కనిపించదు. కేటాయింపు రిజిస్టరు చూస్తే అక్కడా పూర్తి నిజం లేదు. కొంతమంది పేర్లు 'అతిథులు' అనే పద్దులో, మరికొంతమందివి 'తాత్కాలికం' అనే పద్దులో ఉన్నాయి.

నిజమైన లెక్క దొరికిన చోటు మెస్. మా హాస్టళ్లలో ఇప్పటికీ డివైడింగ్ పద్ధతే నడుస్తున్నది. నెల ఖర్చు మొత్తాన్ని తిన్నవాళ్లు తిన్న రోజుల లెక్కన పంచుతారు కాబట్టి ఒక్క పేరు తప్పినా ఆ భారం మిగతావాళ్ల మీద పడుతుంది. పిల్లలు దాన్ని పైసాతో సహా సరిచూసుకుంటారు. ఏ ఆడిటరూ అంత శ్రద్ధగా చూడడని నా అభిప్రాయం. గడిచిన విద్యా సంవత్సరపు మెస్ రిజిస్టర్లను నెలవారీగా పట్టిక వేయించి, చీఫ్ వార్డెన్ సంతకంతో భవన కమిటీ ముందు పెట్టాను. ఎవరినీ తప్పుపట్టకుండా, 'వాస్తవ వినియోగం' అనే శీర్షిక కింద ఆ అంకెను తీసుకోవాలని కోరాను. ఆ శీర్షిక వల్ల పని సులువైంది. చర్చ చాలాసేపే సాగింది గానీ, చివరకు ఒక మధ్యేమార్గం కుదిరింది: గదికి ముగ్గురు, మొత్తం 240 మంది, 40 మరుగుదొడ్లు, రోజుకు 32,400 లీటర్ల నీరు. మిగిలిన 80 మందికి కొత్త బ్లాకు ప్రతిపాదన విడిగా పంపాలన్నారు. నా దృష్టిలో అది పూర్తి న్యాయం కాదు, కానీ 160 మీద కట్టే భవనం కన్నా ఎన్నో రెట్లు మేలు.

ఆ తర్వాత విద్యార్థినులతో సమావేశాలు పెట్టాం. మొదటి సమావేశానికి ఇంజనీర్లను పిలవకపోవడం మంచిదైంది, ఎందుకంటే మగవాళ్ల ఎదుట చెప్పుకోలేని సంగతులే ఎక్కువగా బయటికి వచ్చాయి. స్నానాల గదుల్లో పొడి బట్టలు పెట్టుకోవడానికి గూడు గానీ కొక్కెం గానీ లేదు, తలుపుల గడియలు సరిగా పడవు. శానిటరీ ప్యాడ్లు వేయడానికి చెత్తబుట్టలు లేకపోవడంతో అవి మరుగుదొడ్లలోకి వెళ్లి గొట్టాలు పూడుకుపోతున్నాయి. ఏటా మురుగు గొట్టాలు తీయించడానికి పెడుతున్న ఖర్చుకు అసలు కారణం అదేనని ఆ రోజు అర్థమైంది. మూత ఉన్న డబ్బాలు, అంతస్తుకో దహన యంత్రం, వాటిని రోజూ ఖాళీ చేసే ఆయమ్మకు చేతి తొడుగులు, అదనపు భత్యం, ఇవన్నీ కలిపినా అల్యూమినియం కిటికీల ఖర్చులో చిన్న వంతుకు రావు. అయినా తొలి అంచనాలో వీటికి చోటు లేదు.

మేడ విషయంలో మాత్రం వాళ్ల అవసరమూ మా ఆలోచనా ఎదురెదురుగా నిలిచాయి. చలికాలంలో గదుల్లో నీళ్లు కాచుకునే రాడ్లు పెట్టడం వల్ల వైర్లు కాలిపోతున్నాయి. 1500 వాట్ల రాడ్లు ఇరవై గదుల్లో ఒకేసారి పెడితే 30 కిలోవాట్లు, పాత అల్యూమినియం వైరింగు దాన్ని తట్టుకోలేదు. నిషేధం నోటీసులు ఎన్ని అంటించినా లాభం లేదని, మేడ మీద సోలార్ వాటర్ హీటర్లు పెట్టి స్నానాల గదులకే వేడి నీళ్లు ఇవ్వాలని అనుకున్నాం. అయితే బట్టలు ఆరేసుకోవడానికి వాళ్లకున్న ఎండ తగిలే చోటు ఆ మేడ ఒక్కటే. మేడ మొత్తం సోలార్ పలకలకు ఇచ్చేస్తే తడి బట్టలు గదుల్లోనే ఆరాలి. ఆఖరికి దక్షిణపు సగం సోలార్‌కు, ఉత్తరపు సగం దండేలకు కేటాయించి, రోడ్డు వైపు పిట్టగోడ మీద జాలీ ఇటుకలు పెంచి చాటు కల్పించాం.

భవనం పటుత్వ పరీక్ష గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలాచోట్ల ఖర్చుకు జడిసి దీన్నే వదిలేస్తారు. స్నానాల గదుల పైకప్పులో పెచ్చులు ఊడి, తుప్పుపట్టిన చువ్వలు బయటపడ్డాయి. సిమెంటు పూసి రంగు వేస్తే కనిపించదని ఒక సలహా వచ్చింది. పరీక్షించకుండా ఒక్క బస్తా సిమెంటు కూడా వాడవద్దని నేను పట్టుబట్టాను. ఒక ఇంజనీరింగ్ కళాశాల సివిల్ విభాగం వారు వచ్చి కాంక్రీటు గట్టిదనాన్ని చూసే రీబౌండ్ హ్యామర్‌తో, అల్ట్రాసోనిక్ పరికరంతో పరీక్షలు చేశారు. కాంక్రీటు గుండా ధ్వని తరంగం సెకనుకు మూడున్నర కిలోమీటర్లకు మించిన వేగంతో సాగితే కాంక్రీటు బాగున్నట్టు, మూడు కంటే తగ్గితే అనుమానించాల్సినట్టు లెక్క. గదుల దూలాలు, స్తంభాలు మంచి వేగాలే చూపాయి. స్నానాల గదుల స్లాబుల్లో చాలా చోట్ల మూడు కన్నా తక్కువ వచ్చింది.

తర్వాత వాళ్లు కాంక్రీటును కొద్దిగా చెక్కి, సీసాలోంచి ఒక ద్రావణం చల్లారు. అది ఫినాఫ్తలీన్ అని చెప్పగానే నాకు నవ్వు వచ్చింది. నా ల్యాబులో ఏటా మొదటి సంవత్సరం పిల్లలు టైట్రేషన్లకు వాడేది అదే. మంచి కాంక్రీటులో కాల్షియం హైడ్రాక్సైడ్ వల్ల క్షారగుణం బలంగా ఉంటుంది, కాబట్టి ఆ ద్రావణం ముదురు గులాబీ రంగుకు మారుతుంది. ఏళ్ల తరబడి గాలిలోని కార్బన్ డయాక్సైడ్ లోపలికి చొచ్చుకుపోతే ఆ హైడ్రాక్సైడ్ కార్బొనేటుగా మారి క్షారగుణం పడిపోతుంది, రంగు రాదు. క్షారగుణం ఉన్నంతకాలం చువ్వ మీద ఒక పలుచని రక్షణ పొర నిలిచి ఉంటుంది. అది పోయి, పైనుంచి కారే నీటి తడి తోడైతే తుప్పు మొదలవుతుంది. తుప్పు ఇనుము కన్నా కొన్ని రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది గనుక కాంక్రీటును లోపలి నుంచే పగలగొడుతుంది. మా స్లాబుల్లో చువ్వల లోతు దాటేదాకా ఎక్కడా గులాబీ రంగు కనిపించలేదు. స్నానాల గదుల భాగాన్ని పూర్తిగా కూల్చి కొత్తగా కట్టాలని, గదుల భాగాన్ని బాగు చేసుకుంటే చాలని నివేదిక తేల్చింది. పెంచాల్సిన మరుగుదొడ్లకు చోటెక్కడ అన్న ప్రశ్నకూ దాంతోనే జవాబు దొరికింది. కూల్చిన చోట భవనాన్ని కొన్ని అడుగులు బయటికి జరిపి విశాలంగా కట్టుకునే వీలు కలిగింది.

డబ్బు విషయానికి వస్తే, కొంత భాగం ఉన్నత విద్యకు కేంద్రం, రాష్ట్రం కలిసి నిధులిచ్చే రూసా పథకం నుంచి, మిగతాది విశ్వవిద్యాలయం సొంత నిధి నుంచి వచ్చింది. 2013లో మొదలైన రూసాలో మా రాష్ట్రానికి కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం; విశ్వవిద్యాలయాల మౌలిక వసతుల నిధుల్లో 35 శాతం పాత కట్టడాల బాగుకే పెట్టాలన్న నియమం మాకు కలిసివచ్చింది. 2023లో ఆ పథకం పేరు పీఎం-ఉషాగా మారింది. ఆర్థిక సంఘం, పాలకమండలి, పరిపాలనా మంజూరు, సాంకేతిక మంజూరు, ఈ-ప్రొక్యూర్‌మెంట్ టెండరు వరుసగా గడిచాయి. ఒక్క మాట మాత్రం చెప్పాలి. జీఎస్‌టీ, నిర్మాణ కార్మికుల సంక్షేమానికి కట్టే 1 శాతం సెస్సు, ఇసుక, కంకర వంటి ఖనిజాలకు ప్రభుత్వానికి కట్టే సీనరేజి చార్జీలు కలపకుండా 'పని విలువ' చూసి సంతోషపడితే చివర్లో తాగునీటి యంత్రాలో, మంచాలో కోతకు గురవుతాయి.

అన్నిటికన్నా కష్టమైనది ఖాళీ చేయించడం. వేసవి సెలవుల్లోనే పని ముగుస్తుందని పై వాళ్లు అన్నా, స్లాబులు కూల్చే పని జూన్ వానల ముందు అయ్యేది కాదని స్పష్టంగా తెలుస్తూనే ఉంది. ఒక విద్యా సంవత్సరమంతా పిల్లలను మిగతా రెండు హాస్టళ్లలోనూ, ఖాళీగా ఉన్న పాత అతిథి గృహంలోనూ సర్దాలి. మాట బయటికి పొక్కగానే పరిపాలనా భవనం ముందు ధర్నా మొదలైంది. "మమ్మల్ని పంపించాక ఈ బిల్డింగు మాకే ఇస్తారని గ్యారంటీ ఏంటి మేడమ్?" అని ఒక పరిశోధక విద్యార్థిని అడిగింది. ఆ అనుమానంలో న్యాయం ఉంది. బాగు చేయించిన భవనాలు ఆఫీసులుగా మారిన సందర్భాలు ప్రాంగణాల్లో ఉన్నాయి. నోటి హామీతో సరిపెట్టవద్దని నేనే రిజిస్ట్రార్ గారిని కోరాను. భవనం అమ్మాయిల హాస్టల్‌గానే కొనసాగుతుందని, కోర్సు మిగిలి ఉన్నవాళ్లకు తిరిగి గది ఇవ్వడంలో మొదటి ప్రాధాన్యం ఉంటుందని ఉత్తర్వు జారీ అయింది. అతిథి గృహం దూరం కాబట్టి గ్రంథాలయం మూసే వేళ వరకు బస్సు, దారి పొడవునా లైట్లు ఏర్పాటయ్యాకే పెట్టెలు కదిలాయి.

పని నడుస్తున్నప్పుడు గుత్తేదారుతో ప్రధానంగా వరుస దగ్గరే పేచీ వచ్చింది. పలకలు వేస్తే పని కనిపిస్తుంది, బిల్లు పెట్టుకోవచ్చు. గోడలో దాగే గొట్టాన్ని ఎవరూ చూడరు. గొట్టాలకు పంపుతో ఒత్తిడి పెట్టి చూసేదాకా గోడ మూయకూడదని, స్నానాల గదిలో నీళ్లు బయటికి పోయే నహానీ ట్రాప్ మూసి రెండు రోజులు నీళ్లు నిలబెట్టి కింది అంతస్తు కప్పు పొడిగా ఉందని రాసుకునేదాకా పలక అంటించకూడదని పట్టుబట్టాం. ఆ సంగతి ఎం-బుక్‌లో (పని కొలతల పుస్తకంలో) నమోదైతేనే బిల్లు అన్న షరతు ఇంజనీరు గారే పెట్టించారు. రెండో అంతస్తులో నీళ్లు నిలబెట్టినప్పుడు ఒక మూల కారింది. మేస్త్రీ గొణుక్కుంటూనే దాన్ని పగలగొట్టి మళ్లీ చేశాడు. పలకలు వేశాక బయటపడి ఉంటే దాని ఖర్చు ఎవరిదన్న తగాదాతో ఏడాది గడిచిపోయేది. వైరింగు మొత్తం రాగి తీగలతో మార్చి, ప్రతి అంతస్తుకూ 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు లీకైనా సరఫరా తెంచే ఆర్‌సీసీబీ స్విచ్‌లు పెట్టారు. పక్షం రోజుల పాటు అవి మాటిమాటికీ పడిపోతున్నాయని ఫిర్యాదులు వచ్చాయి. చూస్తే కారణం తెగిన వైర్లతో వాడుతున్న పాత ఇస్త్రీ పెట్టెలు.

దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చినా, మా హాస్టల్ ముందు రెండడుగుల ఎత్తు మెట్లే ఉండేవి. 1:12 వాలు రావాలంటే ర్యాంపు 24 అడుగులు సాగాలి. ముందున్న ఖాళీ స్థలం చాలక దాన్ని ఒక మలుపు తిప్పి కట్టారు. కింది అంతస్తులో రెండు గదులు, వాటి పక్కనే వెడల్పు తలుపున్న ఒక స్నానాల గది దివ్యాంగ విద్యార్థినుల కోసం ఉంచాం.

భవనం తెరిచి మళ్లీ కేటాయింపులు చేశాక మొదటి ఏడాది గదికి ముగ్గురు అన్న నియమం నిలిచింది. ఇప్పుడు నాలుగో మంచం కోసం దరఖాస్తులు వస్తున్నాయి, రాసేవాళ్ల అవసరమూ నిజమైనదే. ఒక్కో దరఖాస్తు మీద మరుగుదొడ్ల లెక్క, నీళ్ల లెక్క రాసి చీఫ్ వార్డెన్‌కు పంపుతున్నాను. కొత్త బ్లాకు ప్రతిపాదన ఆర్థిక సంఘం ముందు ఉంది. ఈసారి దాని మొదటి పేజీలో మెస్ రిజిస్టరు నుంచి తీసుకున్న అంకెనే వేశారు.