రెండో సమాధానం

ఆదివారం, రాత్రి.

ఈ రోజు ఉదయం బాక్సింగ్ శిక్షణకు ఆరుగురు పిల్లలే వచ్చారు. స్పారింగ్‌లో, అంటే సాధన కోసం ఆడే పోటీలో, పదహారేళ్ల కుర్రవాడొకడు మొదటి రౌండంతా చక్కగా ఆడి, రెండో రౌండులో ఒకే రకం దెబ్బను ఒకే చోట మూడుసార్లు తిన్నాడు. ఎడమ చేత్తో జాబ్ (సూటిగా చాచే దెబ్బ) విసిరిన ప్రతిసారీ ఆ చేతిని చెంప దగ్గరకు తెచ్చుకోకుండా నడుము దాకా జారవిడుస్తున్నాడు. ఎదుటి పిల్లవాడు అది గమనించి, ఆ ఖాళీలోంచి కుడి చేతిని పంపించాడు. దెబ్బ పెద్దది కాదు గానీ వాడి మొహం చిన్నబోయింది. బెంచీ మీద కూర్చుని చేతికి చుట్టిన పట్టీలను విప్పుకుంటూ, గొప్ప బాక్సర్లు కూడా ఇలా దెబ్బలు తింటారా అని అడిగాడు. అందరికన్నా గొప్పవాడని నేను నమ్మే మనిషి తన జీవితంలో 19 సార్లు ఓడిపోయాడని చెప్పాను.

"అన్నిసార్లు ఓడినవాడు అందరికన్నా గొప్పవాడు ఎలా అవుతాడు సార్?" అన్నాడు.

అప్పుడు వాడికి సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇంటికి వచ్చాక కూడా ఆ ప్రశ్న నన్ను వదలలేదు. మధ్యాహ్నం చేయవలసిన పనులన్నీ పక్కన పెట్టి, ఎన్నోసార్లు చూసిన పాత పోటీల దృశ్యాలను మళ్లీ చూశాను.

నేను చెప్పిన మనిషి షుగర్ రే రాబిన్సన్. 1943 ఫిబ్రవరిలో డెట్రాయిట్‌లో జేక్ లమోటా చేతిలో ఆయన తొలి ఓటమిని చూశాడు. లమోటా ఆయనకన్నా బరువైనవాడు, మొండివాడు, దెబ్బ తగిలినా వెనక్కి తగ్గనివాడు. అటువంటివాడితో ఇక జోలి వద్దనుకోవడానికి రాబిన్సన్‌కు కావలసినన్ని కారణాలు ఉన్నాయి. ఆయన మాత్రం సరిగ్గా మూడు వారాలకే అదే ఊళ్లో అదే మనిషితో మళ్లీ తలపడి గెలిచాడు. వాళ్లిద్దరూ మొత్తం ఆరుసార్లు పోటీపడితే అయిదుసార్లు గెలుపు రాబిన్సన్‌దే. లమోటా చేతిలో ఓడిన తర్వాత ఎనిమిదేళ్లకు పైగా ఆయనను ఎవరూ ఓడించలేకపోయారు. 1951 జులైలో లండన్‌లో రాండీ టర్పిన్ ఆ వరుసను తెంపి, మిడిల్‌వెయిట్ అనే మధ్యస్థ బరువు తరగతి టైటిల్‌ను పట్టుకుపోయాడు. 64 రోజుల తర్వాత న్యూయార్క్‌లోని పోలో గ్రౌండ్స్‌లో 60 వేలకు పైగా జనం మధ్య వాళ్లిద్దరూ మళ్లీ ఎదురుపడ్డారు. పదో రౌండులో రాబిన్సన్ కంటి పైన చర్మం చిట్లి రక్తం ధారగా కారసాగింది. రిఫరీ ఏ క్షణంలోనైనా పోటీని ఆపివేయవచ్చు. చేతిలో మిగిలింది నిమిషాలేనని ఆయనకు అర్థమైంది. అదే రౌండులో టర్పిన్‌ను కింద పడగొట్టి, లేచినవాణ్ణి తాళ్లకు ఆనించి, రిఫరీ మధ్యలోకి వచ్చేదాకా కొడుతూనే ఉన్నాడు.

ఇంతకన్నా నన్ను ఎక్కువగా కట్టిపడేసేది 1957 నాటి ఒక్క దెబ్బ. ఆ ఏడాది జనవరిలో జీన్ ఫుల్మర్ 15 రౌండ్ల పోటీలో పాయింట్ల మీద రాబిన్సన్‌ను ఓడించాడు. ఫుల్మర్ ఎప్పుడూ మీదమీదకు వచ్చి, ఎదుటివాడికి చేయి చాచే జాగా లేకుండా చేసే రకం. అప్పటిదాకా అతనిని నాకౌట్ చేసినవారు ఒక్కరూ లేరు. మే 1న, తన 36వ పుట్టినరోజుకు సరిగ్గా రెండు రోజుల ముందు, చికాగోలో రాబిన్సన్ అతనితో మళ్లీ పోటీకి దిగాడు. అయిదో రౌండును ఇవాళ నిదానంగా, ఆపి ఆపి చూశాను. రాబిన్సన్ ముందు కడుపు మీద గురిపెడతాడు. పక్కటెముకలను కాపాడుకోవడానికి ఫుల్మర్ కుడి మోచేయి కిందికి దిగుతుంది, దానితోపాటు గడ్డం దగ్గర ఉండవలసిన చేయి కూడా కొంచెం దిగుతుంది. ఆ ఖాళీ బెత్తెడు కూడా ఉండదు. రాబిన్సన్ ఎడమ చేయి అడ్డంగా తిరిగి ఆ సందులోనే గడ్డాన్ని తాకుతుంది. ఆ హుక్‌ను విసిరే వేళకు ఆయన పాదాలు ముందుకు ఉరకడం లేదు. బరువంతా తుంటిలోంచి తిరిగి భుజంలోకి వచ్చింది. ఫుల్మర్ కింద పడి, లేవబోయి, పది లెక్కపెట్టేలోపు లేవలేకపోయాడు. జనవరిలో 15 రౌండ్లపాటు ఎదురైన చిక్కుకు మే నెలలో ఒక్క దెబ్బతో జవాబు దొరికింది. నాలుగు నెలలపాటు ఆ మనిషి మనసులో ఏమేమి లెక్కలు తిరిగి ఉంటాయో ఊహించుకుంటూ చాలాసేపు కూర్చున్నాను.

కుర్రవాడికి ఉదయం చెప్పవలసింది ఇదేనని అప్పుడు తట్టింది. వేగం, బలం, దెబ్బలో పదును ఉన్నవాళ్లు ప్రతి తరంలోనూ కొందరు ఉంటారు, వాటితో వాళ్లు చాలామందిని గెలుస్తారు కూడా. ఆ మొదటి బలం పనిచేయని రాత్రి ఒకటి ప్రతి బాక్సర్‌కూ వస్తుంది. ఆ రాత్రికో, దాని తర్వాతి పోటీకో రెండో సమాధానాన్ని వెతికి తెచ్చుకున్నవాడినే నేను అందరికన్నా గొప్పవాళ్ల సరసన కూర్చోబెడతాను.

మహమ్మద్ అలీ సంగతీ అంతే. సైన్యంలో చేరడానికి నిరాకరించినందుకు 1967లో టైటిల్ పోగొట్టుకుని, మూడున్నరేళ్లపాటు రింగుకు దూరమై, తిరిగి వచ్చేసరికి ఆయన కాళ్లలో పాత వేగం లేదు. 1971లో జో ఫ్రేజియర్, 1973లో కెన్ నార్టన్ ఆయనను ఓడించారు. ఆ ఇద్దరినీ జార్జ్ ఫోర్‌మన్ రెండేసి రౌండ్లలో మట్టికరిపించాడు. 1974 అక్టోబరులో కిన్షాసాలో ఆ ఫోర్‌మన్‌నే అలీ ఎదుర్కోవలసి వచ్చింది. కాళ్లు ఇక తనను తప్పించలేవని తెలిసినవాడు, తాళ్లకు వీపు ఆనించి, చేతులను అడ్డుపెట్టి, ఎదుటివాడి బలాన్ని ఎదుటివాడి చేతనే ఖర్చు పెట్టించాడు. ఎనిమిదో రౌండులో అలసి వాలిపోతున్న ఫోర్‌మన్‌ను పడగొట్టాడు. యౌవనంలో అలీ గెలిచిన తీరుకూ దీనికీ పోలికే లేదు. అందుకే 1964లో సన్నీ లిస్టన్ మీద సాధించిన గెలుపుకన్నా దీనిని నేను ఎక్కువగా ఎంచుతాను.

ఓటమి లేని రికార్డును చిన్నచూపు చూడాలని నా ఉద్దేశం కాదు. రాకీ మార్సియానో 49 పోటీలలో 49 గెలిచి తప్పుకున్నాడు. ఫ్లాయిడ్ మేవెదర్ 50కి 50 గెలిచాడు. అయితే మార్సియానోను గౌరవించడానికి నాకు ఆ సున్నా అవసరం లేదు. 1952 సెప్టెంబరులో జెర్సీ జో వాల్కాట్ మొదటి రౌండులోనే ఆయనను పడగొట్టాడు, పన్నెండు రౌండ్లు ముగిసేసరికి పాయింట్లలోనూ వాల్కాట్‌దే పైచేయి. పదమూడో రౌండులో ఒక చిన్న కుడి చేతి దెబ్బతో మార్సియానో ఆ పోటీనీ, హెవీవెయిట్ టైటిల్‌నూ గెలుచుకున్నాడు. ఆయన కాగితం మీద ఓడిపోలేదన్నమాటే గానీ, ఓటమి ఎంత దగ్గరగా వస్తుందో ఆయనకు బాగా తెలుసు.

హ్యారీ గ్రెబ్ గురించి ఆలోచించినప్పుడు మాత్రం మనసు బరువెక్కుతుంది. తర్వాత హెవీవెయిట్ ఛాంపియన్ అయిన జీన్ టన్నీని ఓడించినవాడు ఆయన ఒక్కడే, అది 1922లో. ఒక కంటి చూపు పోయినా పోటీలు మానలేదు. అంతటివాడి పోటీ ఒక్కటి కూడా చిత్రంగా మిగలలేదు. ఆయన పాదాలు ఎలా కదిలేవో మనం ఇక ఎన్నటికీ చూడలేము.

రొబెర్తో దురాన్ నాకు ఇప్పటికీ తేలని లెక్క. 1980 జూన్‌లో షుగర్ రే లెనార్డ్ అనే మరో బాక్సర్‌ను ఓడించిన ఆ మనిషే, అదే ఏడాది నవంబరులో ఎనిమిదో రౌండులో వెనుదిరిగి తనకిక చాలన్నాడు. ఆ మచ్చ చెరిగేది కాదు. ఎనిమిదేళ్ల తర్వాత, 37 ఏళ్ల వయసులో, తనకన్నా ఎంతో పెద్ద శరీరం గల ఇరాన్ బార్క్‌లేను పదకొండో రౌండులో ఒకసారి పడగొట్టి, పాయింట్ల మీద గెలిచి మిడిల్‌వెయిట్ టైటిల్‌ను సాధించాడు. తేలిక తరగతి అయిన లైట్‌వెయిట్‌లో పేరు పొందిన మనిషి అక్కడిదాకా రావడం నేను ఊహించగలిగిన దానికి మించినది. నవంబరు రాత్రిని మరచిపోకుండానే ఆయనను నా వరుసలో ఉంచుకున్నాను.

ఈ రెండో సమాధానానికి చీకటి పక్క కూడా ఉంది. దాని గురించి రాయకపోతే ఈ డైరీకి అబద్ధం చెప్పినట్టు అవుతుంది. ప్రతిసారీ ఏదో ఒక దారి దొరికినవాడికి, ఈసారి దొరకదని ఎవరు చెప్పగలరు? 1980 అక్టోబరులో లారీ హోమ్స్ ముందు నిలబడ్డ అలీలో సమాధానాలన్నీ అయిపోయాయి. పది రౌండ్ల తర్వాత ఆయన శిక్షకుడు ఏంజెలో డండీ పోటీని ఆపించవలసి వచ్చింది. రాబిన్సన్ 44 ఏళ్లు వచ్చేదాకా రింగులోనే ఉన్నాడు. ఆయన 19 ఓటములలో ఎక్కువ భాగం ఆ చివరి సంవత్సరాలవే. వాళ్లను అంతటివాళ్లను చేసిన గుణమే వాళ్లను రింగు వదలనివ్వలేదు. హోమ్స్ పోటీని నేను ఒక్కసారే చూశాను. మళ్లీ చూడలేదు, చూడను కూడా.

సాయంత్రం కుర్రవాడు మళ్లీ వచ్చాడు, ఎవరూ పిలవకుండానే. వాడికి ఈ కథలన్నీ చెప్పలేదు, జో లూయిస్ గురించి మాత్రమే చెప్పాను. జాబ్ విసిరాక లూయిస్ ఎడమ చేయి కిందికి జారుతోందని మాక్స్ ష్మెలింగ్ కనిపెట్టి, 1936లో ఆ ఖాళీలోంచే కుడి చేత్తో కొట్టి కొట్టి పన్నెండో రౌండులో ఆయనను నాకౌట్ చేశాడు. ఆ మరుసటి ఏడాదే లూయిస్ ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు, అయినా ష్మెలింగ్‌ను ఓడించేదాకా తనను తాను ఛాంపియన్‌గా లెక్కించుకోలేదు. 1938 జూన్‌లో మళ్లీ ఎదురుపడినప్పుడు ఆ పని 124 సెకన్లలో ముగించాడు.

"నాదీ అదే తప్పు కదా సార్," అన్నాడు వాడు.

అవునన్నాను. ప్యాడ్లు తొడుక్కుని వాడి ఎదుట నిలబడ్డాను. వాడు జాబ్ విసురుతాడు. చేయి చెంపకు చేరకుండా కిందికి జారితే, ఖాళీగా ఉన్న ఆ చెంప మీద నేను ప్యాడ్‌తో మెల్లగా తట్టాలి. మొదటి మూడు నిమిషాలలో పదకొండుసార్లు తట్టవలసి వచ్చింది. రెండో విడతలో తొమ్మిదిసార్లు. మూడో విడతలో వాడు బాగా అలసిపోయాడు, భుజం వణుకుతోంది, అయినా చేయి తిరిగి చెంప దగ్గరకు వచ్చి ఆగుతోంది. ఆ విడతలో నాలుగుసార్లే తట్టాను. రేపు ఉదయం ఆరు గంటలకే వస్తానని చెప్పి వెళ్లాడు.