దియావోయు దీవులూ, వీధికెక్కిన కోపమూ

2012 సెప్టెంబరు 11న జపాన్ ప్రభుత్వం తూర్పు చైనా సముద్రంలో జనం నివసించని మూడు చిన్న దీవులను వాటి ప్రైవేటు యజమాని నుంచి 205 కోట్ల యెన్లకు కొన్నది. జపానీయులు సెంకాకు అనీ, చైనీయులు దియావోయు అనీ పిలుస్తూ ఇరుదేశాలూ తమవేనంటున్న దీవుల సమూహంలోనివి అవి. తీవ్ర జాతీయవాదిగా పేరున్న టోక్యో గవర్నరు షింతారో ఇషిహారా వాటిని కొంటే వివాదం ముదురుతుందనే తాము ముందుపడ్డామని జపాన్ ప్రధాని నోదా ప్రభుత్వం చెప్పుకున్నా, బీజింగ్ ఆ మాటను చెవిన పెట్టలేదు.

తర్వాతి వారమంతా చైనాలోని అనేక నగరాల్లో జనం రోడ్ల మీదికి వచ్చారు. చింగ్‌దావోలో పానాసోనిక్ కర్మాగారానికీ, టొయోటా కార్ల దుకాణానికీ నిప్పుపెట్టారు. షియాన్‌లో జపాన్ కారు నడుపుతున్న పాపానికి ఒక చైనీయుడినే తల పగిలేలా కొట్టారు. మంచూరియా ఆక్రమణకు జపాన్ సాకుగా వాడుకున్న 1931 నాటి ముక్డెన్ ఘటన వార్షికోత్సవమైన సెప్టెంబరు 18 దాటిందో లేదో, ఇక ప్రదర్శనలు వద్దంటూ బీజింగ్ పోలీసుల సందేశాలు ఫోన్లకు వచ్చాయి, జపాన్ రాయబార కార్యాలయం ముందున్న వీధి ఖాళీ అయింది.

ఒక్క సందేశంతో ఆగిన కోపం సర్కారు పురమాయించినదే అయివుంటుందని తేల్చేయడం సులభం, కాని నాకు ఆ వాదన సగమే నిజమనిపిస్తుంది. జపాన్ దండయాత్ర చేసిన యుద్ధకాలపు గాయాలు కల్పితం కావు. 1990ల నుంచి బడుల్లో సాగిన దేశభక్తి బోధన వాటిని మాననివ్వలేదు. తూము తాళం ప్రభుత్వం చేతిలో ఉన్నమాట నిజమే అయినా, చెరువులోని నీరు దానిది కాదు. గట్టు తెగితే ఏమవుతుందో ఆ పాలకులకు తెలుసు: చైనాలోని షాన్‌దోంగ్ రాష్ట్రంలో జర్మనీకున్న హక్కులను మొదటి ప్రపంచయుద్ధం తర్వాతి వెర్సాయ్ ఒప్పందం జపాన్‌కు కట్టబెట్టబోతున్నదని తెలిసి 1919 మే 4న బీజింగ్ విద్యార్థులు తగలబెట్టింది జపానీయుల ఇంటిని కాదు, జపాన్ అనుకూలుడని పేరుపడ్డ సొంత మంత్రి త్సావో రూలిన్ ఇంటిని. (నాటి వివాదానికి కేంద్రం కూడా చింగ్‌దావోయే.)

అందుకే 2016 జులై 12న దక్షిణ చైనా సముద్రంపై మధ్యవర్తిత్వ న్యాయస్థానం చైనాకు వ్యతిరేకంగా, ఫిలిప్పీన్స్‌కు అనుకూలంగా తీర్పు చెప్పినప్పుడు తూము తెరుచుకోలేదు. కొన్ని ఊళ్ళలో అమెరికా కంపెనీ కేఎఫ్‌సీ దుకాణాల ముందు జనం గుమిగూడితే, ఇది దేశభక్తి కాదని ప్రభుత్వ పత్రికలే మందలించాయి. మనీలాలో అప్పుడే గద్దెనెక్కిన ఫిలిప్పీన్స్ అధ్యక్షుడు డుటెర్టేతో బేరానికి దారి మూసుకోకూడదన్న లెక్క దాని వెనుక ఉందని నా ఊహ. వీధిలో అరిచిన జనం ముందు వెనక్కి తగ్గడం ఏ ప్రభుత్వానికైనా కష్టం. అరవనివ్వకపోతే ఆ చిక్కు ఉండదు.

దియావోయు విషయంలో మాత్రం 2012లో ఇళ్ళకు వెళ్ళింది జనమే. ఆ నెలలో ఆ జలాల్లోకి వచ్చిన చైనా ప్రభుత్వ నౌకలు ఆ తర్వాత రాకపోకలు మానలేదు.