అమ్మ కంట్లో సూది

అమ్మకు శుక్లం ఆపరేషన్ బాగానే అయింది. నెల దాటాక మాత్రం పేపర్లో అక్షరాలు వంకర పోతున్నాయంది. చెన్నైలోనే డాక్టరుకి చూపించాం. కంటి లోపలి పొరలను చూపించే ఓసీటీ స్కాన్‌లో తేలింది: కంటి వెనక పొర అయిన రెటీనా మధ్యభాగం, మాక్యులా, వాచింది. ఆపరేషన్ సరిగ్గా జరిగినా కొందరికి ఇలా నీరు చేరుతుందట. చాలామందికి చుక్కల మందుతోనే తగ్గుతుంది, అమ్మకు తగ్గలేదు. ఇక కంట్లోకే స్టెరాయిడ్ ఇంజెక్షన్.

నాకేమో టెన్షన్. ఆవిడేమో మత్తు చుక్కలు వేయించుకుని నర్సుతో అరకొర తమిళంలో కబుర్లు!

వాపు తగ్గింది. కానీ స్టెరాయిడ్ వల్ల కంటి ప్రెషర్ పెరగొచ్చు, మందు ప్రభావం పోయాక వాపు తిరగబెట్టొచ్చు. చూపు బాగుందని చెకప్ మానేయడానికి లేదు. వచ్చే వారం మళ్లీ వెళ్లాలి. ఆటో వద్దట, మెట్రో కావాలట.