పులికి అద్దాల మేడ, బావురుపిల్లికి చెరువు గట్టు

సంక్రాంతి వెళ్లిపోయినా అరిసెలింకా డబ్బాల్లో ఉండగానే ముగ్గురం కాకినాడలో కలుసుకున్నాం. ఏ ఊరెళ్లినా గుడికన్నా ముందు జూ ఎక్కడుందని వాకబు చేసే రకం మేం. మా బావది పెద్దపులుల పిచ్చి. ఎక్కడ కొత్త ఎన్‌క్లోజర్ కట్టారని తెలిసినా సెలవు పెట్టి మరీ వెళ్లి చూసొస్తాడు. మాస్టారిది దానికి పూర్తిగా ఎదురు దారి. అమలాపురంలో సైన్సు చెప్పి రిటైరైన ఆయన, జూలోకి అడుగుపెడితే పులి దగ్గర మూగిన జనాన్ని తప్పించుకుని తిన్నగా పునుగుపిల్లి దగ్గరికి వెళ్లి నిలబడతారు. నేను మధ్యస్తం. ఇద్దరి వెనకా తిరుగుతాను.

ఈసారి బోనుల్లేని చోటికి వెళ్దామన్నది మాస్టారే. అలా కోరింగ ప్రయాణం పడింది. కాకినాడ నుంచి యానాం రోడ్డు మీద 18 కిలోమీటర్లు, అంతే. ఆ కాస్త దూరానికీ బావ లండన్ జూని కారులోకి తెచ్చేశాడు. ఉద్యోగం పని మీద అక్కడ కొన్నాళ్లున్నాడు లెండి. 2013లో సుమత్రా పులులకి 2,500 చదరపు మీటర్లలో టైగర్ టెరిటరీ కట్టారట. 2016లో గిర్ సింహాలకని ఇంకోటి కట్టారు. అందులో గుజరాత్‌లోని సాసన్ గిర్ ఊరినే దింపేశారు, రైల్వేస్టేషనుతో సహా.

"మన స్టేషను చూడ్డానికి పౌండ్లు పోసి టికెట్టు కొన్నానండి మాస్టారూ," అన్నాడు బావ.

"మన దగ్గర పులుల జతకి బయట తిరగడానికి కనీసం 1,000 చదరపు మీటర్లుండాలని సెంట్రల్ జూ అథారిటీ నిబంధన. అదైనా నయమే. నా చిన్నప్పుడు పులంటే ఇనప ఊచల వెనక అటూ ఇటూ తిరిగే జంతువు," అన్నారాయన. ఊచలు తీసేసి మధ్యలో కందకం తవ్వే పద్ధతి 1907లో జర్మనీలోని హాగెన్‌బెక్ జూతో ప్రచారంలోకి వచ్చింది. మన దాకా రావడానికి చాలా ఏళ్లు పట్టింది. ఇప్పుడేమో కందకం పాతదైపోయి అద్దాలొచ్చాయి. అద్దం అవతల పులి, ఇవతల సెల్ఫీ. ఒక జూలో ఆ అద్దాన్ని పిల్లలు దబదబా బాదుతుంటే, వద్దని చెప్పే మనిషే లేకపోవడం నేను కళ్లారా చూశాను. పులి అటు తిరిగి పడుకుంది. ఇంకేం చేస్తుంది?

కోరింగలో మడ అడవి మధ్యకి చెక్క వంతెన వేశారు. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన చోటిది, 235 చదరపు కిలోమీటర్లు. మేం వెళ్లేసరికి పాటు వేళ. నీరు దిగిపోయి బురద బయటపడింది. మడచెట్ల చుట్టూ శ్వాసవేర్లు ఎవరో పెన్సిళ్లు గుచ్చి వెళ్లిపోయినట్టున్నాయి. తిల్ల చెట్టుని ముట్టుకోబోతే మాస్టారు చెయ్యి లాగేశారు. దాని పాలు కంట్లో పడితే మంటలు రేగుతాయట.

వంతెన మీద కూలబడి ఆయన చూపించింది మాత్రం ఒక చేపని. వేలెడంత ఉంటుంది, అచ్చం బురద రంగే. ముందు రెక్కలు మోచేతుల్లా ఆనించి పైకి లేచింది. ఒక్క గెంతు గెంతి ఆగింది. గుడ్లు రెండూ నడినెత్తిన ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని లోపలికి లాక్కుని, తడి చేసుకుని, మళ్లీ బయట పెట్టింది. మొప్పల గదుల్లో నీళ్లు పట్టుకుని ఇలా నేల మీద గడిపేస్తుంది. పక్కనే ఒంటి డెక్క పెద్దదిగా ఉన్న మగ పీతలు ఆ డెక్కని ఎత్తి దించుతూ ఆడపీతల్ని పిలుస్తున్నాయి. ఇంతలో మా వెనకే వచ్చిన కుటుంబంలో ఓ పిల్లాడు కాపలా ఆయన్ని అడిగాడు, "ఇక్కడ పులి ఉందా?" అని.

"లేదు బాబూ. బావురుపిల్లి ఉంది. అదీ రాత్రప్పుడే."

వాళ్లు ఫొటోలు తీసుకుని వెనక్కి తిరిగారు.

అసలు మాస్టారు మమ్మల్ని లాక్కొచ్చింది దాని కోసమే. నీటిపిల్లి అనీ అంటారు. ఇంట్లో పిల్లికి రెండింతలకి పైనే ఉంటుంది. బూడిదలో కాస్త ఆకుపచ్చ కలిపిన రంగు మీద వరసలుగా నల్లమచ్చలు, పొట్టి తోక, బలమైన మెడ. వేళ్ల మధ్య కొంత దాకా చర్మం అతుక్కుని ఉంటుంది. బొచ్చు రెండు పొరలు, లోపలి పొర ఒత్తుగా ఉండడంతో నీళ్లు ఒంటిదాకా దిగవు. ఒడ్డున కూర్చుని పంజాతో చేపని గెంటుకొస్తుంది, అవసరమైతే నీళ్లలోకే దూకేస్తుంది. 2018లో లెక్క పెట్టినప్పుడు కోరింగలో 115 తేలాయి. 2022లో ఒడిశాలోని చిలికాలో 176. వన్యప్రాణి చట్టంలో పులి ఉన్న మొదటి షెడ్యూల్లోనే ఇదీ ఉంది. పశ్చిమ బెంగాల్ వాళ్లు తమ రాష్ట్ర జంతువుగా పెట్టుకున్నారు. మనకి మాత్రం పట్టలేదు.

2024 సెప్టెంబరులో కడియం నర్సరీల్లో చిరుత తిరిగిందన్నప్పుడు టీవీల్లో ఎంత హడావుడో గుర్తుందా? ఒక్క చిరుతకి గోదావరి జిల్లాలు రెండూ నిద్రపోలేదు. ఈ 115 పిల్లులూ రోజూ రాత్రి మన చేపల మధ్యే తిరుగుతున్నాయి.

పోటు ఎక్కాక పడవలో కాలువ లోపలికి వెళ్లాం. నీటికుక్కలు కనిపించాయి. తల, వీపు, తోక, ఆపైన బుడగలు. బావ ఫోను తీసేలోపు అయిపోయింది.

సాయంత్రం తాళ్లరేవు అవతల మాస్టారి పాత శిష్యుడి చెరువులకి వెళ్లాం. రొయ్యలతో పాటు ఒక చేపల చెరువు కూడా ఉంది అతనికి. గట్టు మీద తడి బురదలో ఓ అడుగుజాడ చూపించాడు. బావ వంగి చూసి కుక్కదన్నాడు. గోళ్ల గుర్తులు పడ్డాయి కదా, పిల్లి జాతైతే గోళ్లు లోపలికి ముడుచుకుంటుందిగా అని వాదన. మాస్టారు మోకాళ్ల మీద కూర్చుని, అరికాలి గుర్తు వెడల్పునీ, నాలుగు వేళ్లలో ఒకటి ముందుకి పొడుచుకు రావడాన్నీ చూపించారు. నీటిపిల్లి గోళ్లు పూర్తిగా ముడుచుకోవు, కొసలు బయటే ఉంటాయి. బురదలో అవి దిగాయి. బావ మారు మాట్లాడలేదు.

"ఆయ్, మా చెరువులోంచి చేప పట్టుకుపోద్దండి. కుక్కలు అరుస్తాయి గానీ దగ్గరికెళ్లవు," అన్నాడు శిష్యుడు. ఒకసారి తుప్పలు నరుకుతుంటే పిల్లలు దొరికాయట. మచ్చలు చూసి చిరుత కూనలన్నారు. ఊరు ఊరంతా కదిలొచ్చింది, చెట్లెక్కి మరీ చూశారు. ఫారెస్టు వాళ్లొచ్చి అవి చిరుతలు కావు, బావురుపిల్లులు అన్నారో లేదో, జనం ఎవరి పనికి వాళ్లు వెళ్లిపోయారట. కూనల్ని తుప్పల్లోనే వదిలేస్తే రాత్రి తల్లొచ్చి ఎత్తుకెళ్లింది.

బావ అక్కడే మొదలెట్టాడు. "చూశారా, తప్పు జూది కాదు. జనం చూసేది పులిని. పులి టికెట్టు డబ్బుతోనే మీ పునుగుపిల్లికి తిండి."

"అలా అయితే గొడవే లేదు. పులి డబ్బు పునుగు దాకా వస్తోందా? మళ్లీ పులికే ఇంకో అద్దం. అదీ కాకపోతే తెల్లపులి! 1951లో రేవా దగ్గర పట్టుకున్న మోహన్ అనే ఒక్క పులి వంశాన్ని వాళ్లలో వాళ్లకే కలిపి, మెల్లకన్ను తెప్పించి, దానికి పాలరాతి గట్టా?" మాస్టారికి కోపం వస్తే క్లాసురూము గొంతు వచ్చేస్తుంది.

నాకైతే ఇద్దరి మాటల్లోనూ సగం సగం నచ్చాయి. పెద్ద పిల్లులకి మంచి ఆవరణ కట్టడాన్ని నేను తప్పుపట్టను. కానీ ఈ అద్దం, నీటి మడుగు, లోపల ఈదుతుంటే బయటి నుంచి చూడడం, ఇవన్నీ నిజానికి అమరేది ఎవరికి? పులి మధ్యాహ్నం మడుగులో నడుం ముంచి కూర్చుంటుంది, అంతే. నీళ్లలోకి దూకి చేపతో పైకి తేలేది ఈ పిల్లి. సింగపూర్ నైట్ సఫారీలో దానికి చోటిచ్చారు. రాత్రి తిరిగే జంతువు పగలు పడుకుంటుందంటారా, దానికీ మన హైదరాబాదులోనే జవాబుంది. నెహ్రూ జూలో నిశాచరాల ఇంట్లో పగలు చీకటి చేసి, రాత్రి దీపాలు వేసి, దేవాంగపిల్లినీ పునుగునీ మనకి మెలకువలో చూపిస్తున్నారు. అదే జూలో మూషిక జింకల్ని పెంచి అమ్రాబాద్ అడవిలో వదిలారు. ఎవరూ పట్టించుకోని జంతువుతో పని జరగదని ఎవరన్నారు?

బావ పార్కింగ్ రసీదు వెనక బొమ్మ గీశాడు. సగం నీళ్లు, సగం గట్టు, ముందు అద్దం.

"బురదేదీ?" అన్నారు మాస్టారు.

"బురదుంటే అద్దంలోంచి ఏం కనబడదండీ."

"కనబడకపోతే పోయె. అది బతికేది బురదలో. నీ కోసం దాన్ని సిమెంటు తొట్లో ఎందుకు పెట్టాలి?"

ఇక్కడ నేను మాస్టారి వైపే. నీళ్లు వడకట్టే యంత్రం పెట్టి ఒక పక్క తేటగా ఉంచొచ్చు, మిగతా అంతా తుంగా బురదా కావాలి. దాక్కోవడానికి చోటు లేకపోతే ఆ పిల్లి అసలు బయటికే రాదు.

శిష్యుడు టీ గ్లాసులు పట్టుకొచ్చి రసీదు మీదికి తొంగిచూశాడు. "జూలో కట్టేది సరేనండి. నా చేపల చెరువు చుట్టూ వల కట్టుకోవడానికి ఎవరైనా డబ్బిస్తారేమో కనుక్కోండి ముందు. నాకు నష్టం లేకపోతే అది తిరిగితే తిరగనీ, నాకేంటి? పక్క చెరువాయన మాత్రం ఉచ్చు పెడతానంటున్నాడు."

గజం వల ఎంతని బావ అడిగాడు. ధర చెప్పి, గుంజలకీ కూలికీ ఎంతవుతుందో కూడా శిష్యుడే లెక్క కట్టాడు. బావ బొమ్మలోని అద్దాన్ని కొట్టేసి, ఆ అంకెలన్నీ దాని పక్కనే రాసుకున్నాడు. పక్క చెరువాయన ఇంట్లోనే ఉంటాడా అని మాస్టారు చెప్పులేసుకుంటూ అడుగుతున్నారు.