పైపుకు బెజ్జం పెట్టకుండా గాలి వాటా కొలవడం: నా అనుభవం

తిరుపతిలో మా ల్యాబ్ లూప్ (గాలీ నీళ్లూ తిప్పే పైపుల వలయం) 50 మిల్లీమీటర్ల లోపలి వ్యాసమున్న ఆక్రిలిక్ పైపు. అందులో గాలీ నీళ్లూ కలిసి పారుతుంటే గాలి వాటా, అంటే వాయిడ్ ఫ్రాక్షన్, గామా కిరణంతో కొలిచాం. నీళ్లు కిరణాలను ఆపుతాయి, గాలి దాదాపు ఆపదు; అవతలికి ఎన్ని చేరాయో డిటెక్టర్ లెక్కిస్తుంది (వాటినే కౌంట్లు అంటాం).

ముందు కాగితాల పని. ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) వారి ఈ-లోరా పోర్టల్‌లో అనుమతి, రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్, ఒంటికి తగిలిన రేడియేషన్ కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జీలు, చుట్టుపక్కల రేడియేషన్ చూసే సర్వే మీటర్, సోర్స్‌ను (కిరణాలిచ్చే రేడియోధార్మిక పదార్థాన్ని) ఉంచి తాళమేసే గది. లూప్ కట్టడంతో పాటే ఇదీ మొదలుపెట్టాలి.

సోర్స్‌గా సీజియం-137 (కిరణం శక్తి 662 కేఈవీ) అయితే 5 సెంటీమీటర్ల నీళ్లు దాటాక దాదాపు 65 శాతం కిరణాలు మిగులుతాయి. అమెరీషియం-241 (59.5 కేఈవీ) అయితే 36 శాతమే. గాలికీ నీటికీ తేడా బాగా తెలియాలి కాబట్టి ఆక్రిలిక్‌కు అమెరీషియమే మేలు. స్టీలు పైపుకు మాత్రం అది దండగ: రెండు వైపులా కలిపి 6 మిల్లీమీటర్ల గోడ దాటేది అర శాతం కూడా ఉండదు. అక్కడ సీజియమే దిక్కు.

కాలిబ్రేషన్‌కు (కొలతను సరిపెట్టుకోవడానికి) రెండు రీడింగులు: పైపు నిండా నీళ్లు, పూర్తిగా ఖాళీ. నింపినప్పుడు గోడకంటిన బుడగలు పోయేదాకా నీటిని తిప్పాలి. ఖాళీ చేశాక లోపలి తడిని గాలి ఊది ఆరబెట్టాలి. బ్యాక్‌గ్రౌండ్ కౌంట్ (సోర్స్ లేకున్నా వచ్చేది) తీసేయడం మరవకూడదు. 10,000 కౌంట్లు వస్తే ఆ లెక్కలో పొరపాటు 1 శాతం.

అసలు చిక్కు స్లగ్ ఫ్లోలో, అంటే నీటి ముద్దలూ గాలి ముద్దలూ ఒకదాని వెనక ఒకటి పారేటప్పుడు. కిరణాలు నీటి మందంతో ఘాతాంకంగా తగ్గుతాయి కాబట్టి వాటా లెక్కకు కౌంట్ల లాగరిథమ్ తీయాలి. సగం సేపు నిండు నీళ్లు, సగం సేపు ఒట్టి గాలి అనుకోండి. నిజమైన వాటా 50 శాతం. కౌంట్లన్నీ ముందు సగటు చేసి ఆపైన లాగరిథమ్ తీస్తే అమెరీషియంతో 62 శాతం వస్తుంది! సీజియంతోనైతే 55. అందుకే కాలాన్ని చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు లాగరిథమ్ తీశాకే సగటు చెయ్యాలి. ముక్క మరీ చిన్నదైతే కౌంట్లు చాలక రీడింగుల్లో ఊగిసలాట పెరుగుతుంది. స్లగ్ దాటే సమయంలో పదో వంతు మాకు సరిపోయింది.

మా ఊరి ఎండకు సోడియం అయొడైడ్ డిటెక్టర్ గెయిన్ (సిగ్నల్‌ను పెంచే స్థాయి) జరిగి, సోర్స్ కిరణాల పీక్ మనం లెక్కించే శక్తి పరిధిని (విండోను) దాటిపోతుంది. ఏసీ గదిలో పెట్టి, ఆన్ చేసిన గంట తర్వాతే రీడింగు తీస్తాం. మధ్యాహ్నం పీక్ మళ్లీ చూస్తాం.

వేగానికి రెండో డిటెక్టర్‌ను ప్రవాహం వెళ్లే వైపు కొంత దూరంలో పెట్టి, రెండు సిగ్నళ్ల మధ్య ఆలస్యంతో ఆ దూరాన్ని భాగించాం. వచ్చేది స్లగ్ వేగం, గాలి ప్రవాహం కాదు. దాన్ని వాయిడ్ ఫ్రాక్షన్‌తోనూ పైపు లోపలి అడ్డుకోత వైశాల్యంతోనూ గుణించి, మిక్సర్‌కు (గాలీ నీళ్లూ కలిసే చోటుకు) ముందున్న గాలి రోటామీటర్ (ప్రవాహం కొలిచే పరికరం) రీడింగుతో సరిచూడాలి. అదీ ఆ రీడింగును టెస్ట్ సెక్షన్ (మనం కొలిచే పైపు భాగం) పీడనానికి సవరించాకే.