మొదటి ట్రావెల్ ట్రైలర్: డెలివరీ రోజుకి ముందే తేలాల్సిన లెక్కలు

బండి వెనక తగిలించుకుని లాక్కెళ్ళే, పడకలు, వంటగది, టాయిలెట్ ఉన్న చిన్న ఇల్లే ట్రావెల్ ట్రైలర్. డీలర్ ఫోన్ చేసి "మీ ట్రైలర్ వచ్చేసింది, శనివారం వచ్చి తీసుకెళ్ళండి" అంటాడు. శనివారం వద్దనండి. వారాంతంలో అక్కడ రద్దీ ఎక్కువ, మీ పక్కన మూడు గంటలు నిలబడే టెక్నీషియన్ దొరకడు. అరగంటలో స్విచ్‌లన్నీ చూపించేసి, కాగితాల మీద సంతకాలు పెట్టించుకుని తాళాలు చేతిలో పెడతారు. వారం మధ్యలో, పొద్దున తొమ్మిదింటికి టైమ్ అడగండి. అడిగేటప్పుడే మూడు షరతులు ఈమెయిల్‌లో ఒప్పించుకోండి: ట్రైలర్‌కి కరెంటు, నీళ్ళు, గ్యాస్ మూడూ కలిపి సిద్ధంగా ఉంచాలి. ఫ్రిజ్ ముందు రోజు సాయంత్రమే ఆన్ చేయాలి. తనిఖీ అయ్యాకే మిగతా డబ్బు, సంతకాలు.

మూడోది వదులుకోవద్దు. అమెరికాలో ట్రైలర్లు చాలావరకు ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ ప్రాంతంలో తయారై, అక్కణ్ణించి టెక్సస్‌కో కాలిఫోర్నియాకో రోడ్డు మీదే కుదుపులు తింటూ వస్తాయి. కొత్త బండే అయినా స్క్రూలు వదులవడం, పైపు జాయింటు కారడం, కప్పు మీద సీలెంట్ తక్కువ పడడం మామూలే. సంతకానికి ముందు కనిపించిన లోపాన్ని చాలాసార్లు ఆ రోజే బాగుచేయిస్తారు, ఎందుకంటే డబ్బు ఇంకా వాళ్ళ చేతికి రాలేదు. సంతకం తర్వాత అదే లోపం వారంటీ పని కింద సర్వీస్ క్యూలో చేరుతుంది. వేసవిలో ఆ క్యూ వారాల తరబడి కదలదు.

లాగే బండి సంగతి

దీన్ని డెలివరీ దాకా ఆపకూడదు, నిజానికి బుకింగ్‌కి ముందే తేలాలి. "మీ ఎస్‌యూవీ 5,000 పౌండ్లు లాగుతుంది, ఈ ట్రైలర్ 4,300 పౌండ్లే" అనే మాటలో రెండు మెలికలున్నాయి. మొదటిది, 4,300 అన్నది ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఖాళీ బరువు. చాలా బ్రోషర్లలో అందులో బ్యాటరీ కూడా ఉండదు. నీళ్ళు గ్యాలన్‌కి 8.3 పౌండ్లు, అంటే 40 గ్యాలన్ల ట్యాంకు నిండితే అదే 330 పౌండ్లు. నిండు గ్యాస్ సిలిండర్లు రెండు కలిపితే 70 పౌండ్ల పైమాటే. గిన్నెలు, దుప్పట్లు, బియ్యం, మడత కుర్చీలు చేరేసరికి ఖాళీ బరువు మీద వెయ్యి పౌండ్లు తేలిగ్గా పెరుగుతాయి. లెక్కకు ట్రైలర్ స్టికర్ మీద జీవీడబ్ల్యూఆర్ అని రాసిన గరిష్ఠ బరువునే తీసుకోండి.

రెండో మెలిక పేలోడ్. డ్రైవర్ డోర్ తెరిస్తే పిల్లర్ మీద ఒక స్టికర్ కనిపిస్తుంది. మనుషులు, సామాను అంతా కలిపి ఇన్ని పౌండ్లు దాటకూడదని అందులో ఉంటుంది. ట్రైలర్ ముందు భాగం హిచ్ (ట్రైలర్‌ని తగిలించే బండి వెనక కొక్కెం) మీద మోపే బరువు, అంటే టంగ్ వెయిట్, ఈ అంకెలోంచే పోతుంది. అది ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం మధ్య ఉండాలి. 10 కంటే తగ్గితే హైవే మీద ట్రైలర్ తోకలా ఊగుతుంది, మరీ పెరిగితే బండి వెనక కుంగి ముందు చక్రాల పట్టు తగ్గుతుంది. ఒక లెక్క చూడండి: సామానుతో 5,800 పౌండ్ల ట్రైలర్, 13 శాతం చొప్పున టంగ్ వెయిట్ 754. హిచ్ సామగ్రి 90. నలుగురు మనుషులు 560. ట్రక్కు వెనక కూలర్, సైకిళ్ళు 150. మొత్తం 1,554. డోర్ మీద 1,500 అని రాసున్న పికప్‌కి ఇది ఎక్కువే, దాని టోయింగ్ రేటింగ్ 9,000 అయినా సరే. మనవాళ్ళ ఇళ్ళలో ఎక్కువగా కనిపించే హోండా ఒడిస్సీ గరిష్ఠంగా 3,500 పౌండ్లు, పైలట్ ఆల్ వీల్ డ్రైవ్ అయితే 5,000 పౌండ్లు లాగుతాయి. వాటికి చిన్న ట్రైలరే నప్పుతుంది, బంక్ బెడ్లున్న 26 అడుగులది కాదు.

ఎస్‌యూవీకి వెనక హిచ్ ఉన్నంత మాత్రాన సరిపోదు. సైకిల్ ర్యాక్ కోసం పెట్టించిన హిచ్ పక్కన చాలాసార్లు నాలుగు పిన్నుల సాకెట్టే ఉంటుంది. అందులో లైట్ల వైర్లే తప్ప ట్రైలర్ బ్రేకులకు వైరు లేదు. ఏడు పిన్నుల సాకెట్, లోపల బ్రేక్ కంట్రోలర్ (ట్రైలర్ బ్రేకులను నడిపే పరికరం) డెలివరీకి కనీసం వారం ముందే బిగించి ఉండాలి. కంట్రోలర్ ప్రొపోర్షనల్ రకం తీసుకోండి, మీరు ఎంత గట్టిగా బ్రేక్ వేస్తే అంత కరెంటే ట్రైలర్‌కి పంపుతుంది. టైమ్ డిలే రకం చౌక, కానీ నెమ్మదిగా ఆపినా గట్టిగా ఆపినా దానికి ఒకటే.

బాల్ (హిచ్ మీది గుండు) సైజు ట్రైలర్ కప్లర్ (ఆ గుండు మీద కూర్చునే ట్రైలర్ ముందరి పట్టు) మీద అచ్చువేసి ఉంటుంది. చిన్న ట్రైలర్లకు 2 అంగుళాలు, పెద్దవాటికి ఎక్కువగా 2 5/16 అంగుళాలు. 2 5/16 కప్లర్ 2 అంగుళాల బాల్ మీద కూడా కూర్చుని, లాక్ పడినట్టే కనిపిస్తుంది. మొదటి గుంత దగ్గర ఎగిరి బయటికొస్తుంది. అందుకే తగిలించిన ప్రతిసారీ లాక్ వేసి, పిన్ను పెట్టి, ట్రైలర్ జాక్‌ని పైకి తిప్పండి. బండి వెనక భాగం కూడా దానితోపాటు ఒకటి రెండు అంగుళాలు లేస్తే కప్లర్ నిజంగా పట్టుకున్నట్టు.

టంగ్ వెయిట్‌ని బార్ల సాయంతో ముందు చక్రాలకు కూడా పంచే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్‌ని డీలరే బిగిస్తాడు, అయితే ఖాళీ ట్రైలర్‌తో బిగిస్తాడు. ఇంటి నుంచి టేపు తీసుకెళ్ళండి. నేల నుంచి ముందు చక్రం మీది ఫెండర్ అంచు దాకా ఎత్తు మూడుసార్లు కొలవాలి: ట్రైలర్ లేకుండా, ట్రైలర్ తగిలించి బార్లు వేయకుండా, బార్లు వేశాక. ట్రైలర్ వల్ల ముందు భాగం ఎంత లేచిందో, బార్లు వేశాక అందులో కనీసం సగం దిగాలి. కచ్చితమైన కొలత మీ వాహనం మాన్యువల్‌లో ఉంటుంది. ఇంట్లో సామాను నింపాక మళ్ళీ కొలవకపోతే డీలర్ చేసిన సెట్టింగ్‌కి అర్థం లేదు.

తనిఖీ రోజు

ముందు బయట, నిచ్చెన అడిగి పైకప్పు మీద మొదలుపెట్టండి. ట్రైలర్‌ని తినేసేది నీళ్ళే, అవి వచ్చేది పైనుంచే. ఏసీ, వెంట్లు, యాంటెన్నా, అంచుల చుట్టూ సీలెంట్ తెగకుండా ఉందా, ఎక్కడైనా వేలిగోరు దూరేంత సందు ఉందా చూడండి. కిందికి దిగి టైర్ల మీద డాట్ నంబరు చివరి నాలుగు అంకెలు చదవండి: 1825 అంటే 2025లో 18వ వారం. నాలుగు టైర్లతో పాటు స్పేర్ కూడా. గోడల మీద చెయ్యి రాయండి, ఉబ్బినట్టు తగిలితే ఫైబర్‌గ్లాస్ లోపల విడిపోతోందన్నమాట. స్లైడ్‌ని (బయటికి జరిగే గది భాగాన్ని) రెండుసార్లు పూర్తిగా బయటికి లోపలికి నడిపించండి, రబ్బరు సీల్ ఎక్కడా మడతపడకూడదు.

బ్రేక్‌అవే కేబుల్ పరీక్ష చాలామంది డీలర్లు అడిగితేనే చేస్తారు. ట్రైలర్ ఊడిపోతే ఆ తీగ లాగబడి బ్రేకులు దానంతటవే పడాలి. ఏడు పిన్నుల ప్లగ్ తీసేసి ఆ తీగ చివరి పిన్ను లాగి, బండితో నెమ్మదిగా ముందుకు కదిలిస్తే చక్రాలు పట్టుకోవాలి. పట్టుకోకపోతే మొదట బ్యాటరీ చూడండి, ఆ బ్రేకులకు శక్తి అక్కణ్ణించే. బ్యాటరీ ధరలో ఉందా లేదా అన్నది కూడా ముందే అడగాల్సిన ప్రశ్న. తిరిగి తగిలించేటప్పుడు ఆ కేబుల్‌ని సేఫ్టీ చెయిన్‌కి కాక బండికి విడిగా కట్టాలి.

నీళ్ళ పరీక్షకు ఓపిక కావాలి. ట్యాంకులో మూడో వంతు నింపి, పంపు వేసి, అన్ని కుళాయిలూ ఒకసారి తిప్పి కట్టేయండి. పంపు ఆగిపోయి నిశ్శబ్దంగా ఉండాలి. ఎవరూ కుళాయి తిప్పకుండానే కొన్ని నిమిషాలకోసారి గర్రుమంటే ఎక్కడో కారుతోంది. సింకుల కింద, టాయిలెట్ వెనక, బయటి షవర్ పెట్టెలో టార్చ్ వేసి వేలితో తడిమి చూడండి. తర్వాత హోస్ కలిపి ఇదంతా మళ్ళీ, ఎందుకంటే బయటి నీళ్ళ దారి వేరు. హోస్ చివర నీళ్ళ ఒత్తిడిని 45–50 పీఎస్ఐకి తగ్గించే రెగ్యులేటర్ లేకుండా కలపనివ్వద్దు.

వాటర్ హీటర్ దగ్గర ఒక ఉచ్చు ఉంది. చలికాలం కోసం సిద్ధం చేసిన ట్రైలర్‌లో హీటర్‌ని బైపాస్‌లో పెడతారు, అంటే నీళ్ళు అందులోకి పోకుండా పక్క దారి పట్టిస్తారు, దాని ట్యాంకు ఖాళీ. ఆ స్థితిలో ఎలక్ట్రిక్ స్విచ్ వేస్తే ఎలిమెంట్ క్షణాల్లో మాడిపోతుంది. ముందు బైపాస్ వాల్వులు తిప్పించి, వేడినీళ్ళ కుళాయిలోంచి గాలి పోయి ధార నిలకడగా వచ్చాకే స్విచ్ వేయనివ్వండి.

గ్యాస్ సిలిండర్ వాల్వుని నెమ్మదిగా తెరవాలి. గబుక్కున తిప్పితే భద్రతా వాల్వు ప్రవాహాన్ని తగ్గించేస్తుంది, పొయ్యి మంట నీలంగా, బలహీనంగా మినుకుమంటుంది. మూసి ఒక నిమిషం ఆగి మళ్ళీ తెరిస్తే సరిపోతుంది. ఓవెన్, ఫర్నేస్, హీటర్ గ్యాస్ మీద, ఉన్నవన్నీ వెలిగించి చూడండి. పొయ్యి మీద పోపు వేసే ఇళ్ళకు ఒక ప్రత్యేక సూచన: చిమ్నీ ఫ్యాన్‌కి బయటి గోడ మీద ఒక మూత ఉంటుంది, ప్రయాణంలో కొట్టుకోకుండా క్లిప్పులతో బిగించి ఉంచుతారు. వాటిని తీయకపోతే ఫ్యాన్ ఎంత తిరిగినా ఎండుమిరపకాయల ఘాటు లోపలే తిరిగి స్మోక్ అలారం మోగిస్తుంది. అలారం బ్యాటరీ పీకే కన్నా ఆ క్లిప్పులు తీయడం మేలు.

30 ఆంప్స్‌లో ఎంత వంట

ఒక ఏసీ ఉన్న ట్రైలర్లకు సాధారణంగా 30 ఆంప్స్, 120 వోల్టుల కనెక్షన్. అంటే 3,600 వాట్లు, అంతే. ఏసీ సుమారు 13 ఆంప్స్, వాటర్ హీటర్ ఎలక్ట్రిక్ ఎలిమెంట్ 12, ఇండక్షన్ స్టవ్ 1,800 వాట్ల మీద 15. మూడూ కలిస్తే 40, బ్రేకర్ పడిపోతుంది. దోసెలు వేసేటప్పుడు హీటర్ని గ్యాస్ మీదికి మార్చుకుంటే సరి. రైస్ కుక్కర్ 6, మిక్సీ 5 ఆంప్స్ దాకా తీసుకుంటాయి. కానీ కరెంటు కనెక్షన్ లేని చోట ఇన్వర్టర్ లేకుండా బ్యాటరీ మీద ఇవేవీ తిరగవు.

ఇంటి దగ్గర పార్క్ చేసుకోవడానికి ప్లగ్ పెట్టించేవాళ్ళు ఇక్కడ ఆగి చదవండి. ట్రైలర్ 30 ఆంప్స్ సాకెట్ పేరు టీటీ–30. మూడు పిన్నులు చూసి పాత డ్రయర్ సాకెట్ అనుకుని 240 వోల్టులు కలిపే ఎలక్ట్రీషియన్లు ఉన్నారు. ఇండియాలో 230కి అలవాటైన మన బుర్రకీ అది తప్పనిపించదు. ప్లగ్ పెట్టిన మరుక్షణం కన్వర్టర్ (కరెంటుని బ్యాటరీకి సరిపడేలా మార్చేది), మైక్రోవేవ్, ఏసీ బోర్డు అన్నీ పోతాయి. "టీటీ–30, 120 వోల్టులు, ఒకే హాట్ వైర్" అని కాగితం మీద రాసివ్వండి, పని అయ్యాక మీటర్ పెట్టి 120 చూపించమనండి. క్యాంప్‌గ్రౌండ్లలో వోల్టేజ్ తక్కువైతే కట్‌చేసే సర్జ్ ప్రొటెక్టర్ కొనండి. స్పైక్‌ని మాత్రమే ఆపే చౌక రకం వేసవి మధ్యాహ్నాల్లో ఏసీని కాపాడలేదు.

టాయిలెట్ ట్యాంకు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు: సైట్‌లో మురుగు హోస్ కలిపి ఉన్నా బ్లాక్ ట్యాంకు (టాయిలెట్‌ది) వాల్వు మూసే ఉంచాలి. తెరిచి ఉంచితే నీళ్ళు జారిపోయి గట్టిదంతా లోపల గుట్టగా పేరుకుంటుంది. మగ్గు అలవాటు ఈ విషయంలో మేలే చేస్తుంది, కాకపోతే 30 గ్యాలన్ల ట్యాంకు త్వరగా నిండుతుంది. ఖాళీ చేసేటప్పుడు బ్లాక్ ముందు, గ్రే (సింకు, షవర్ నీళ్ళది) తర్వాత, సబ్బునీళ్ళు హోస్‌ని కడిగేస్తాయి. తాగునీటి హోస్ ఆ దరిదాపుల్లోకి రాకూడదు.

కాగితాల్లో వీఐఎన్ నంబరు ట్రైలర్ మీద ఉన్నదానితో అక్షరం అక్షరం సరిచూడండి. కారు పాలసీ లాగేటప్పుడు ఇతరులకు జరిగే నష్టాన్ని సాధారణంగా కవర్ చేస్తుంది గానీ ట్రైలర్‌కే దెబ్బ తగిలితే ఇవ్వదు, దానికి వేరే పాలసీ ఆ రోజు నుంచే అమల్లో ఉండాలి. మీ హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) నిబంధనలు కూడా చదవండి. డ్రైవ్‌వేలో రెండు మూడు రోజులకు మించి నిలపనివ్వని కాలనీలు చాలా ఉన్నాయి, అలాంటప్పుడు స్టోరేజ్ లాట్ ముందే మాట్లాడుకోవాలి.

బయల్దేరేముందు డీలర్ లాట్‌లోనే ఖాళీ జాగాలో 20–25 మైళ్ళ వేగంతో వెళ్తూ కంట్రోలర్ మీది చేతి లివర్ నొక్కండి. ట్రైలర్ చక్రాలు లాక్ అయ్యేదాకా గెయిన్ (ట్రైలర్ బ్రేకుల బలం) పెంచి, అక్కణ్ణించి కొంచెం తగ్గించండి. ట్రైలర్ ఎత్తు ఏసీ పై అంచు దాకా కొలిచి, అడుగులు అంగుళాల్లో రాసి స్టీరింగ్ ముందు అంటించండి. డ్రైవ్‌త్రూల్లో ఏసీ కవర్లు పోగొట్టుకునేది అది రాసుకోనివాళ్ళే. కాలిఫోర్నియాలో ట్రైలర్ లాగేవాళ్ళకు చట్టం ప్రకారం గరిష్ఠం 55 మైళ్ళు. మిగతా చోట్ల కూడా, టైరు మీద స్పీడ్ రేటింగ్ అక్షరం లేకపోతే 65 దాటొద్దు.

టార్క్ రెంచ్ వెంట ఉంచుకోండి. కొత్త చక్రాల నట్లు మొదటి మైళ్ళలోనే వదులవుతాయి. యాక్సిల్ తయారీదారు డెక్స్‌టర్ 10, 25, 50 మైళ్ళ దగ్గర మళ్ళీ బిగించమంటుంది. అరంగుళం స్టడ్‌లకు 90 నుంచి 120 ఫుట్–పౌండ్లు, ఎదురెదురు నట్ల వరుసలో. ఆగినప్పుడే హబ్‌ల దగ్గర చెయ్యి పెట్టి చూడండి, ఒకటి మాత్రం మిగతావాటికన్నా బాగా వేడిగా ఉంటే బేరింగో బ్రేకో పట్టేస్తోంది.

మొదటి రాత్రికి యెల్లోస్టోన్ ప్లాన్ వేయకండి. డీలర్‌కి అరగంట దూరంలో కరెంటు, నీళ్ళు, సూవర్ (మురుగు కనెక్షన్) మూడూ ఉన్న క్యాంప్‌గ్రౌండ్‌లో ఒక రాత్రి తీసుకుని, ఫర్నేస్ నుంచి షవర్ దాకా అన్నీ వాడండి. కనిపించిన లోపాలకు ఫోటోలు తీసి పొద్దున్నే సర్వీస్ మేనేజర్‌కి ఈమెయిల్ పెట్టి, ఇంటికి వెళ్ళకుండా బండిని నేరుగా మళ్ళీ అక్కడికే తీసుకెళ్ళండి.