గుల్‌మార్గ్‌లో ఆలస్యంగా కురిసిన మంచు

గుల్‌మార్గ్ వెళ్లాలనుకునే మన తెలుగువాళ్లలో చాలామంది క్రిస్మస్ సెలవులకో సంక్రాంతి సెలవులకో టిక్కెట్లు తీసుకుంటారు. మంచు మాత్రం మన సెలవులు చూసుకుని కురవదు. 2025 ఫిబ్రవరి ఆఖరి వారంలో నేను హైదరాబాద్ నుంచి బయలుదేరేసరికి, అదే నెల 22న గుల్‌మార్గ్‌లో మొదలు కావలసిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు మంచు చాలక వాయిదా పడి ఉన్నాయి. ఇప్పుడెందుకు, మానుకోరాదా అని ఇంట్లో వాళ్లు అన్నారు. నాకు వెనక్కి తగ్గాలనిపించలేదు.

శ్రీనగర్ నుంచి గుల్‌మార్గ్ సుమారు 50 కిలోమీటర్లు. టంగ్‌మార్గ్ దాటాక దేవదారు అడవి మధ్య ఘాట్ రోడ్డు మొదలవుతుంది. బాగా మంచు పడిన రోజుల్లో టైర్లకు గొలుసులు కట్టనిదే అక్కడి నుంచి బండిని పైకి పోనివ్వరు. నేను వెళ్లిన రోజున గొలుసులు కట్టే కుర్రాళ్లు, పొడవాటి కోట్లు, రబ్బరు బూట్లు అద్దెకిచ్చే దుకాణదారులు చేతులు కట్టుకుని కూర్చున్నారు. పైన మైదానంలో ఎండుగడ్డి పైకి తేలి కనిపిస్తోంది. నీడపట్టున ఉన్న వాలుల్లో మాత్రం పాత మంచు మురికిపట్టి, గట్టిపడి మిగిలింది. స్లెడ్జీలు లాగేవాళ్లు వచ్చిన ప్రతి బండి వెంటా పరుగెత్తుతుంటే చూడలేకపోయాను. ఏడాది సంపాదనంతా ఈ కొద్ది నెలల్లోనే కూడబెట్టుకోవాల్సిన మనుషులు వాళ్లు.

నాకు స్కీయింగ్ నేర్పడానికి ఒప్పుకున్న పెద్దాయనను చాచా అని పిలిచేవాణ్ణి. ఫెరన్ అనే వదులైన పొడవాటి అంగీ లోపల కాంగ్డీ, అంటే చిన్న నిప్పుల కుంపటి, పట్టుకుని, కాలం ఎలా నడవాలో ఆయన వివరంగా చెప్పారు. డిసెంబర్ మొదట్లో పడే మంచు పలచగా ఉంటుంది, కింద రాళ్లు తగులుతాయి. డిసెంబర్ 21 నుంచి నలభై రోజులు చిల్లయ్ కలాన్. చలి బాగా ముదిరే ఆ రోజుల్లో పడిన మంచు కరగకుండా పొర మీద పొరగా పేరుకుంటుంది. ఆ తర్వాత ఇరవై రోజులు చిల్లయ్ ఖుర్ద్, మరో పది రోజులు చిల్లయ్ బచ్చా. అడుగున ఆ నలభై రోజుల మంచు ఉంటేనే ఫిబ్రవరిలో పడేది దాని మీద నిలుస్తుంది. "2024 జనవరిలో ఇక్కడ నేల కనిపించింది సాబ్. ఈసారీ అలాగే అవుతుందేమోనని భయంగా ఉంది" అన్నారాయన.

ఈ మంచంతా మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చే గాలుల వల్లే. వాతావరణ శాఖ వాళ్లు వాటిని వెస్టర్న్ డిస్టర్బెన్సులు అంటారు. బంగాళాఖాతంలో అల్పపీడనం కోసం మన రైతు ఎదురుచూసినట్టు గుల్‌మార్గ్ వాటి కోసం ఎదురుచూస్తుంది. అవి బలహీనపడినా, దారి మళ్లినా చలి ఉంటుంది, ఆకాశం నిర్మలంగా ఉంటుంది, మంచు మాత్రం ఉండదు.

నేనక్కడ ఉండగానే అలాంటి గాలి ఒకటి వచ్చింది. ముందు అఫర్వత్ శిఖరం మబ్బులో మునిగింది. అంతకు ముందు రాత్రి కంటే చలి కాస్త తగ్గినట్టనిపిస్తే, మబ్బు కమ్మిన రాత్రి అంతే, భూమి వేడి పైకి పోదు అన్నారు చాచా. తెల్లవారేసరికి కిటికీ సగానికి మంచు. కింద శ్రీనగర్‌లో అది వానగా కురుస్తోంది. కొండ మీదికి తీసుకెళ్లే రోప్‌వే, గొండోలా, ఆగిపోయింది, కరెంటు పోయింది, గదిలో బుఖారీ పొయ్యి పక్క నుంచి కదలలేదు. వాకిట్లో మాత్రం పండగే. హోటల్ పనివాళ్లు పారలతో దారి తీస్తూ ఒకరినొకరు కేకలేసుకుని నవ్వుతున్నారు. పొద్దున తీసిన దారి మధ్యాహ్నానికి మళ్లీ పూడిపోతుంటే ఒక్కరూ విసుక్కోలేదు.

తెరిపి ఇచ్చాక గొండోలా మొదటి దశ నడిచింది. గుల్‌మార్గ్ ఎత్తు సుమారు 2,650 మీటర్లు, మొదటి దశ ఆగే కొంగ్‌డోరి దాదాపు 3,100. ఎక్కేముందు కింద గుప్పెడు మంచు తీసుకుని పిసికితే ముద్ద అయింది, చేతి తొడుగు తడిసింది. కొంగ్‌డోరిలో అదే పని చేస్తే వేళ్ల సందుల్లోంచి జారిపోయింది, తొడుగు పొడిగానే ఉంది. వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరేడు డిగ్రీలు తగ్గుతుందని పుస్తకంలో చదివినది అరచేతిలో తెలిసింది. ప్రపంచం నలుమూలల నుంచి స్కీయర్లు ఇక్కడికి వచ్చేది ఈ పొడి మంచు కోసమే.

రెండో దశ ఆ రోజు తెరవలేదు. అది దాదాపు 3,950 మీటర్ల ఎత్తుకు చేరుస్తుంది. అప్పుడే పడిన మంచు కిందున్న పాత గట్టి పొరకు అతుక్కోదు, పైగా గాలి ఒక వాలు మంచును తీసుకెళ్లి ఇంకో వాలు మీద కుప్పపోస్తుంది. చాచా పారతో అడ్డంగా కోసి చూపించారు. పైన తెల్లగా మెత్తటి మంచు, దాని కింద బూడిదరంగు పలక, రెంటి మధ్య వేలితో గీస్తే పంచదారలా రాలే రవ్వ. మనిషి బరువు పడితే ఆ రవ్వ దగ్గరే చరియ జారుతుందట. 2023 ఫిబ్రవరి 1న ఇద్దరు పోలండ్ స్కీయర్లు, 2024 ఫిబ్రవరి 22న ఒక రష్యన్ స్కీయర్ ఇక్కడి పైవాలుల్లో మంచు చరియల కింద ప్రాణాలు పోగొట్టుకున్నారు. గస్తీ సిబ్బంది సరేననేదాకా పైకి పంపలేదని టిక్కెట్ల కిటికీ దగ్గర గొడవపడేవాళ్లను చూస్తే నాకు కోపం వచ్చింది. గుల్‌మార్గ్ వచ్చేవాళ్లు చేతిలో రెండు రోజులు అదనంగా పెట్టుకోవాలి, అంతే.

నా వరకు మొదటి ప్రయాణానికి ఫిబ్రవరి ద్వితీయార్ధమే మంచిదంటాను. మామూలు ఏడాదిలో అప్పటికి మంచు నిలిచి ఉంటుంది, పగటి వెలుగు ఎక్కువసేపు ఉంటుంది, గడ్డకట్టించే చలి కొంచెం సడలుతుంది.

వాయిదా పడిన పోటీలు మార్చి 9 నుంచి 12 వరకు అక్కడే జరిగాయి. వార్తల్లో చూసి చాచాకు ఫోను చేశాను. మార్చి మంచు వేరే రకమని చెప్పారు. రాత్రి బిగుసుకుంటుంది, తెల్లవారుజామున స్కీ అంచు కూడా దిగదు. ఎండ ఎక్కాక పైపొర వదులై రెండు మూడు గంటలు హాయిగా జారనిస్తుంది, మధ్యాహ్నానికి కాళ్లు దిగబడిపోతాయి. అందుకని పొద్దున పది నుంచి ఒంటిగంట వరకే పాఠాలు చెబుతున్నారట. చేతి నిండా విద్యార్థులున్నారని కూడా అన్నారు.